వెనక్కి తిప్పి చూడాల్సిన సినిమా కార్డులు

హైదరాబాద్‌లో డెబ్బైలు, ఎనభైల్లో బడికి వెళ్ళిన పిల్లల జేబుల్లో రెండు రకాల ఆస్తులుండేవి. ఒకటి, ఖాళీ సిగరెట్ డబ్బీలు చించి చేసుకున్న బచ్చాలు. అందులో చార్మినార్‌కి లెక్క తక్కువ, ఎందుకంటే ఆజమాబాద్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఆ డబ్బీ ఏ పాన్ డబ్బా ముందు చూసినా కాళ్ళకు తగిలేది. రెండోది సినిమా యాక్టర్ల బొమ్మలు. కిరాణా కొట్టు గుమ్మానికి ఒక లాటరీ అట్ట వేలాడుతుండేది. ఐదు పైసలో పది పైసలో ఇచ్చి మడత చీటీ ఒకటి చింపితే లోపల నంబరు, ఆ నంబరుకు ఎన్టీఆరో, కృష్ణో, శోభన్ బాబో. నాగేశ్వరరావు రెండుసార్లు వస్తే వెనక బెంచీవాడి జయప్రదతో మార్పిడి. సాయంత్రానికి ఆ బొమ్మ నోటుపుస్తకం వెనక అట్టకి అన్నం మెతుకుతో అంటుకుపోయేది.

అప్పుడు ఎవరూ దాచాలని దాచలేదు. అందుకే ఇప్పుడు దొరికినవి చాలా తక్కువ, దొరికినవాటి వివరాలు ఇంకా తక్కువ. ఇంగ్లండ్, అమెరికా కార్డులకు ఏ ఏడు వచ్చాయి, సెట్టులో ఎన్ని అన్న జాబితాలు అచ్చులో ఉన్నాయి. మన కార్డుల్లో చాలావాటి మీద నంబరు లేదు, అచ్చు వేసినవాడి పేరు లేదు, సంవత్సరం లేదు. కాబట్టి కార్డునే ప్రశ్నించి జవాబు రాబట్టాలి. ముఖం ఎవరిదో పదేళ్ళ పిల్లవాడు కూడా చెబుతాడు. అది ఎప్పటిది, ఎక్కడిది అన్నది మాత్రం వెనకవైపు, అంచుల్లో, కాగితంలో ఉంటుంది. ఈ కార్డులు చేతికొస్తే చేయాల్సిన మొదటి పని వెనక్కి తిప్పడం.

దొరికే చోట్లు అందరికీ తెలిసినవే. ఆదివారం పొద్దున మూసి ఉన్న దుకాణాల ముందు అబిడ్స్ ఫుట్‌పాత్, గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత, కోఠీ పాత పుస్తకాల వాళ్ళు. సినిమా కార్డులని అడిగితే అక్కడ చాలామంది లేవంటారు. పాత ఆల్బమ్‌లు, పాటల పుస్తకాలు, పెళ్ళి శుభలేఖల కట్టలు, పాత డైరీలు అని అడగాలి. కార్డులు ఉండేది వాటి మధ్యలోనే. ఆల్బమ్ దొరికితే నాలుగు మంచివి ఏరుకోకుండా మొత్తం కొనడం మేలు. "అన్నా, ఇది విడదీయకుండా ఇస్తే ఎంత చెప్తవు?" అంటే అమ్మేవాళ్ళు కూడా సుఖంగా బేరానికొస్తారు. పక్కపక్క పేజీల్లో ఉన్న కార్డులు ఒకే కాలంలో ఒకే చేతిలో పోగైనవి. ఒకదాని తేదీ తెలిస్తే పక్కదానికి ఆధారం అవుతుంది. విడదీస్తే ఆ బంధం పోతుంది, మళ్ళీ ఎవరూ అతకలేరు.

ఇక రకాలు. బ్రోమైడ్ ఫోటో కార్డు అంటే నెగటివ్ నుంచి కాగితం మీదకు నేరుగా తీసిన నిజమైన ఫోటో. ఎక్కువగా పోస్టుకార్డు కొలతలో, అంటే సుమారు మూడున్నర అంగుళాలకు ఐదున్నర అంగుళాలు ఉంటుంది. అచ్చు కార్డు ప్రెస్సులో పడింది. పెద్ద షీటు మీద వరసగా వేసి కోస్తారు కనుక నాలుగు అంచుల తెలుపు సమానంగా ఉండదు. ముందు హీరో, వెనక పన్నెండు నెలలు ఉండి, బట్టల షాపు పేరో నగల దుకాణం పేరో ముద్రించినది జేబు క్యాలెండరు. ఇవి కాక విజయచిత్ర, సితార, జ్యోతిచిత్ర లాంటి పత్రికల బొమ్మలు కత్తిరించి అట్టకు అంటించిన ఇంటి తయారీ కార్డులు కూడా కట్టల్లో కలిసి వస్తాయి. వాటిని పారేయొద్దు, కానీ వేరుగా ఉంచాలి. అంచును వెలుతురుకు పెట్టి చూస్తే రెండు పొరలు, మధ్యలో గోందు గీత కనిపిస్తాయి. బొమ్మ కాగితం పలచనైతే వెనక పేజీ అక్షరాలు కూడా లీలగా తెలుస్తాయి.

పనిముట్లలో అన్నిటికన్నా ముఖ్యం పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం. వాచీ రిపేరు చేసేవాళ్ళు కంటికి పెట్టుకునేది సరిపోతుంది. కార్డులో చెంప, మెడ లాంటి లేత బూడిదరంగు భాగం మీద పెట్టి చూడాలి. చుక్కలు లేకుండా నలుపు తెలుపులోకి పొగలా కరిగిపోతుంటే అది ఫోటో. వరసగా నల్లచుక్కలు కనిపిస్తే అచ్చు. చుక్క అంచు మధ్య భాగం కన్నా నల్లగా, సిరా పక్కకు నొక్కుకుపోయినట్టు ఉంటే పాత లెటర్‌ప్రెస్‌తో, అంటే ఉబ్బెత్తు బ్లాకును కాగితం మీద నొక్కి వేసింది. చదునుగా, శుభ్రంగా ఉంటే ఆఫ్‌సెట్, అంటే చదునైన ప్లేటు నుంచి రబ్బరు మీదుగా వేసే అచ్చు. రంగుల ఆఫ్‌సెట్‌లో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కలిసి చిన్న చిన్న పువ్వుల్లా గుండ్రంగా అమరుతాయి. చుక్కలకు వరస లేకుండా రంగు పిచికారీ చేసినట్టు చెదిరి ఉంటే ఇంక్‌జెట్, అంటే నిన్నమొన్నటిది. నలుపు భాగం ఏటవాలుగా చూసినప్పుడు ప్లాస్టిక్‌లా మెరిసి కాస్త ఉబ్బెత్తుగా ఉంటే లేజర్ ప్రింటు.

ఒక మంచి ఫోటో కార్డును దగ్గరగా చూద్దాం. సావిత్రి ముఖం, పక్కకు తిరిగిన చూపు, జడలో పూలు. పెదవులకు, బొట్టుకు, పూలకు, చీర అంచుకు చేత్తో రంగు వేశారు. భూతద్దంలో పెదవి గులాబీ రంగు గీత దాటి కాస్త కిందికి జారి ఉంటుంది, దాని కింద ఫోటో చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. పూలకు వేసిన పసుపు మడుగులా నిలిచి, అంచు దగ్గర చిక్కబడి ఉంటుంది. ఇది కుంచె పని. అదే నెగటివ్ నుంచి తీసిన మరో కార్డులో పూలు తెల్లగానే ఉండొచ్చు, బొట్టు పెద్దది కావచ్చు. చేత్తో వేసినది కనుక ఏ రెండూ ఒకలా ఉండవు. డబుల్స్ అని చెప్పి ఒకదాన్ని మార్చేసుకునే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇప్పుడు అదే కార్డును కిటికీ వెలుతురులో ఏటవాలుగా వంచితే నల్లటి జుట్టు భాగంలో, అంచుల వెంట అద్దంలాంటి నీలివెండి మెరుపు కనబడుతుంది. కాగితంలోని వెండి ఏళ్ళ తరబడి గాలి తగిలి పైకి వచ్చిన గుర్తు అది. మురికి అనుకుని గుడ్డతో రుద్దకూడదు. ఆ మెరుపుతో పాటు బొమ్మ కూడా పోతుంది. నిజమైన పాత ఫోటోకు దీన్ని మించిన సాక్ష్యం చాలా అరుదు.

దొంగ పాత కార్డుల్లో ఎక్కువ కనిపించేది ఫోటోకు తీసిన ఫోటో. పాత కార్డును కెమెరాతోనో స్కానర్‌తోనో పట్టి మళ్ళీ ముద్రిస్తారు. తల వెంట్రుకలు విడివిడిగా కాకుండా నల్లటి ముద్దలా ఉంటాయి, నగల మెరుపు తెల్లటి మచ్చ అవుతుంది. అన్నిటికన్నా తేలికైన పరీక్ష మడత గీతది. బొమ్మలో మడత, చిరుగు, పిన్ను రంధ్రం కంటికి కనిపిస్తాయి కానీ వేలి కొసతో తడిమితే నున్నగా ఉంటుంది. అంటే ఆ మడత అసలు కార్డుది, చేతిలో ఉన్నది దాని నకలు. టీ డికాషన్‌లో ముంచి పాతబరిచినవి కూడా వస్తాయి. నిజంగా పాతబడ్డ కాగితం అంచుల నుంచి లోపలికి రంగు మారుతుంది, గాలి తగిలిన వైపు ఎక్కువగా, అతికి ఉన్న వైపు తక్కువగా. డికాషన్ పట్టినది రెండు వైపులా ఒకే గోధుమరంగులో ఉండి, మూలల్లో నీళ్ళ మరక గీతలుంటాయి.

కాగితానికి ఇంకో పరీక్ష అతినీలలోహిత టార్చి. 365 నానోమీటర్లది కొనాలి. తక్కువ ధరకు దొరికే 395 నానోమీటర్లది ఊదారంగు వెలుతురు పోసి అన్నిటినీ మెరిసేలా చూపించి మోసం చేస్తుంది. చీకటి గదిలో, ప్లాస్టిక్ కవరు తీసేసి, కార్డు వెనకవైపు చూడాలి, ఎందుకంటే కవరు కూడా మెరవొచ్చు. కాగితాన్ని తెల్లగా చూపించే రసాయనాలు వాడకంలోకి వచ్చింది సుమారు 1950 తర్వాత. కాబట్టి నలభైల కార్డు అని చెప్పినది తెల్లటి నీలంతో భగ్గున మెరిస్తే నమ్మొద్దు. మెరవకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు. ఆ రసాయనం లేని కాగితం తర్వాత కూడా తయారైంది. అలాగే చేతికి ప్లాస్టిక్‌లా జారే, అంచు చిరిగితే పొర సాగే ఫోటో కాగితం డెబ్బైల నుంచి వాడుకలోకి వచ్చింది. దాని మీద యాభైల నాటి భానుమతి ఉంటే, అది పాత నెగటివ్ నుంచి తర్వాత తీసిన ప్రింటు. వెనక 'ఇందు' అని కాగితం పేరు ఉంటే అది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌ది. ఆ సంస్థ పుట్టిందే 1960లో.

వెనకవైపు అచ్చయిన చిరునామా, ధర అసలైన గనులు. ధర అణాల్లో ఉంటే దశాంశ నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్ 1కి ముందుదనే ఎక్కువ అవకాశం. 'న.పై.', అంటే నయా పైసలు, అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. 1964 జూన్ 1 నుంచి 'నయా' పోయి ఉత్త పైసలే మిగిలాయి. అప్పట్లో తెలుగు సినిమా ఊరు మద్రాసు కనుక స్టూడియోల చిరునామాలు మద్రాస్-17, మద్రాస్-24, మద్రాస్-26 అని కనిపిస్తాయి. అవి వరసగా టి.నగర్, కోడంబాకం, వడపళని. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. అప్పటి నుంచి అదే టి.నగర్ 600017 అయింది. పిన్‌కోడు ఉన్న కార్డు 1972కు ముందుది కానే కాదు, ఇది ఖాయం. పిన్‌కోడు లేని కార్డు మాత్రం 1972కు ముందుదని ఖాయం కాదు. ప్రెస్సువాళ్ళు పాత బ్లాకును ఏళ్ళపాటు వాడేవారు. ఈ తేడా మరిచిపోయి పెట్టిన తప్పు తేదీలు చాలా ఆల్బమ్‌లలో కనిపిస్తాయి. హైదరాబాద్ దుకాణం పేరు పక్కన 'ఆం.ప్ర.' అని ఉంటే 1956 నవంబర్ 1 తర్వాతది. పోస్టులో వెళ్ళిన కార్డయితే తపాలా ముద్రే తేదీ చెబుతుంది. స్టాంపు కోసం దాన్ని ఊడబీకొద్దు.

ముందువైపు ఉన్న వేషం ఒక్క విషయం చెబుతుంది, కార్డు ఆ సినిమా కన్నా ముందుది అయ్యే అవకాశం లేదు. రంగులను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. మొదటి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రం 'లవకుశ' వచ్చింది 1963లో. అంతకుముందు నలుపు తెలుపు సినిమాల కార్డుల్లో రంగు కనిపిస్తే అది చేత్తో వేసిందో, చిత్రకారుడు గీసిందో అయ్యుండాలి. 1957 నాటి 'మాయాబజార్' దృశ్యం సహజమైన రంగుల్లో ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ సినిమాకు కంప్యూటర్‌తో రంగులద్దింది మన హైదరాబాద్‌లోనే, విడుదలైంది 2010లో. ఆ తర్వాత తెరమీది బొమ్మ తీసి పాత కార్డులా ముద్రించినవి కనిపిస్తాయి. కృష్ణుడి వేషంలో ఉన్న ఎన్టీఆర్ కార్డును ఏ సినిమాదో తేల్చాలంటే ముఖం పనికిరాదు, ఆ వేషం ఆయన ఎన్నో సినిమాల్లో వేశారు. కిరీటం మీది పింఛం వంపు, భుజకీర్తులు, మెడలో హారాల వరసలు పాటల పుస్తకం అట్టతో పోల్చాలి. పాటల పుస్తకాలు దాచుకోనివారికి కార్డులు గుర్తించడం సగం కష్టం, నా మాట నమ్మండి. కాషాయంలో ఉన్న ఎన్టీఆర్ జేబు క్యాలెండర్లలో కొన్ని సినిమావి కావు, 1982లో తెలుగుదేశం పుట్టాక వచ్చినవి. వెనక ఉన్న మాటలు చదివి విడిగా పెట్టాలి.

జేబు క్యాలెండరు సంవత్సరం చిరిగిపోయినా కంగారు అక్కర్లేదు. జనవరి 1 ఏ వారమో చూడాలి, ఫిబ్రవరిలో 28 రోజులా 29 రోజులా లెక్కపెట్టాలి. ఉదాహరణకు జనవరి 1 ఆదివారమై, ఫిబ్రవరిలో 28 రోజులుంటే, 1950 నుంచి 2000 లోపు అది 1950, 1961, 1967, 1978, 1989, 1995లలో ఒకటి. 29 రోజులుంటే 1956 లేదా 1984. ముందువైపు చిరంజీవి ఉంటే, ఆయన తెరకెక్కిందే 1978లో కనుక మొదటి జాబితాలో 1989, 1995 మిగులుతాయి. మీసకట్టు, జుట్టు చూసి చివరిది తేల్చొచ్చు. ఇలా రెండు వైపులా కలిపి చదివితే ముడి విడిపోతున్నప్పుడు కలిగే సంతోషం ఈ సేకరణ చేసేవాళ్ళకే తెలుసు.

సికింద్రాబాద్ పాత ఇళ్ళ సామాన్లలో అప్పుడప్పుడు విదేశీ సిగరెట్ కార్డులు తగులుతాయి. ఇవి చిన్నవి, సుమారు 36 మిల్లీమీటర్లకు 68. ముందు హాలీవుడ్ తార, వెనక నంబరు, నాలుగు వరసల జీవిత విశేషాలు, కంపెనీ పేరు. విల్స్, ప్లేయర్స్ లాంటి కంపెనీలు వేసిన ఈ కార్డులు ఇంగ్లండ్‌లో యుద్ధకాలపు కాగితం కొరతతో 1940లో ఆగిపోయాయి. మన తారలు వీటిలో ఉంటారని వెతకొద్దు. ప్లేయర్స్ ముప్పైల సెట్లలో చాలావాటికి వెనక జిగురు పూత ఉంటుంది, తడిచేసి ఆల్బమ్‌లో అంటించుకోవడానికి. మన వానాకాలపు తేమకే ఆ జిగురు మెత్తబడి కార్డులు ఒకదానికొకటి కరుచుకుంటాయి. అలాంటి కట్ట దొరికితే లాగకూడదు. ఇంకా అంటుకోనివాటి మధ్య బటర్ పేపర్ పెట్టి విడివిడిగా ఉంచితే ఉన్నవైనా దక్కుతాయి.

సంతకం ఉన్న కార్డుల విషయంలో జాగ్రత్త. మద్రాసుకు ఉత్తరం రాస్తే తారలు ఫోటో పంపేవారు, దాని మీద సంతకం చాలాసార్లు అచ్చుదే. నెగటివ్ మీద రాసి తీస్తే సంతకం తెల్లగా వస్తుంది. రబ్బరు ముద్రదైతే అక్షరం అంచున సిరా గట్టు కడుతుంది. బాల్ పెన్నుతో చేసిన నిజమైన సంతకానికి ఏటవాలు వెలుతురులో గాడి కనిపిస్తుంది, గీతలు దాటినచోట ఏది పైన ఏది కింద అన్నది తెలుస్తుంది. ఇంకుపెన్ను సంతకమైతే నున్నటి ఫోటో మీద అక్కడక్కడ సిరా కుదురుగా పట్టక ముత్యాల్లా విడిపోయి ఉంటుంది.

దాచడంలో జరిగే ఘోరాల్లో మొదటిది లామినేషన్. వేడికి అంటిన ఆ ప్లాస్టిక్ మళ్ళీ రాదు, కార్డు అక్కడితో ముగిసినట్టే. రెండోది మెత్తటి పీవీసీ కవర్లు. హైదరాబాద్ మే నెల ఎండకు అవి జిడ్డుగా మారి బొమ్మను పీల్చుకుంటాయి. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు అని అడిగి తీసుకోవాలి. రెండున్నర అంగుళాలకు మూడున్నర అంగుళాల తొమ్మిది అరల పేజీల్లో జేబు క్యాలెండర్లు చక్కగా పడతాయి. ఫోటో కార్డులకు పోస్టుకార్డు కొలత కవరు కావాలి, చిన్నదాంట్లో దూర్చితే మూలలు నలుగుతాయి. నేరుగా ఆల్బమ్‌కు పెట్టాలంటే ఫోటో కార్నర్లు వాడాలి, గోందు వద్దు, సెల్లో టేపు అసలే వద్దు.

మైదా పిండితో అంటించిన పాత కార్డులు పేజీ నుంచి తీయాలంటే తొందర పనికిరాదు. ముందు కార్డుకూ పేజీకీ మధ్య గట్టి దారం దూర్చి, రంపంలా ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. రాకపోతే కార్డును కాక ఆల్బమ్ పేజీని వెనక నుంచి కొద్దికొద్దిగా పలచగా ఒలుచుకుంటూ రావాలి. ఆఫ్‌సెట్ అచ్చు కార్డుకైతే చివరి పొరను కాస్త తేమ చేసిన బ్లాటింగ్ పేపర్‌తో మెత్తబరచొచ్చు. చేత్తో రంగులు వేసిన కార్డుకు నీటిచుక్క కూడా తగలకూడదు, గులాబీ రంగు వెంటనే పాకుతుంది. మైదా ఉన్నచోట కాగితం తినే వెండిరంగు పురుగులు చేరతాయి. సంత నుంచి తెచ్చిన ఆల్బమ్‌ను మిగతావాటితో కలపకముందే గాలి తీసిన జిప్ కవర్లో మూసి, ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక పూర్తి రోజు కవరు తెరవకూడదు, తెరిస్తే చల్లటి కార్డుల మీద నీటి ఆవిరి పడుతుంది. కలరా ఉండలు వేయొద్దు, ఆ వాసన ఏళ్ళు గడిచినా పోదు, ఫోటోలకు కూడా మంచిది కాదు.

జూన్ నుంచి అక్టోబర్ దాకా స్టీలు డబ్బాలో సిలికా జెల్ ఉండాలి. చెప్పుల డబ్బా అంత పెట్టెకు 50 గ్రాములు చాలు. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు తడిసిందో తెలుస్తుంది, 110 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడొచ్చు. డబ్బా గోడకు ఆనించి, ముఖ్యంగా వాన చెమ్మ దిగే పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు.

వెనక ఏమైనా రాయాలంటే మెత్తటి 2బి పెన్సిల్‌తో, మూలన, నొక్కకుండా. బాల్ పెన్ను గాడి ముందువైపు చెంప మీద తేలుతుంది. కానీ అప్పటి పిల్లలు వెనక రాసుకున్న పేర్లు, తరగతి, "ఇది నాది" అన్న వంకర అక్షరాలు చెరపకండి. అవి కూడా తేదీకి ఆధారాలే, పైగా ఆ కార్డు ఏ ఇంట్లో తిరిగిందో చెప్పే ఒకే ఒక్క రాత అదే కావచ్చు. స్కాన్ చేసేటప్పుడు నలుపు తెలుపు కార్డును కూడా రంగుల్లోనే, పోస్టుకార్డు కొలతకు 600, చిన్నవాటికి 1200 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర, రెండు వైపులా, అంచులు కత్తిరించకుండా తీయాలి. ఫైలు పేరులో తార పేరు, కార్డు రకం, కొలత మిల్లీమీటర్లలో, ఎక్కడ దొరికింది, 'ముందు' లేదా 'వెనక' అని ఉంటే చాలు. సంవత్సరం చోట నిర్ధారణ కాని తేదీ రాయకుండా '1972 తర్వాత', '1957–1964' అని ఆధారం ఉన్నంతవరకే రాయాలి. తర్వాత ఇంకో ఆల్బమ్‌లో అదే కార్డు తపాలా ముద్రతో కనిపించినప్పుడు ఆ చోటును అప్పుడు నింపుకోవచ్చు.